చివరి అక్షరం

రసీదు తడిసి ఉబ్బింది.
ఏడాది గడువు తేదీ మీద
చేప పొలుసొకటి అంటుకుని మెరుస్తోంది.
ఫిషింగ్ హార్బర్లో మేడ మీద గది,
కింద ఐసు మర పళ్ళు కొరుకుతోంది.

"వీపీఎస్ కావాలన్నాను బాబూ,
కుర్రోడు వీపీఎన్ అంటగట్టినాడు.
ఒక్క అచ్చరవే కదా, సర్దుకోమంటన్నాడు.
ఒక్క అచ్చరవేనేటి?"
కరి నూకరత్నం, రొయ్యలు, వంజరం టోకు,
కళ్ళద్దాలు నుదుటి మీదకి నెట్టి
నన్ను కాటా మీద పెట్టినట్టు చూసింది.

ఆవిడ గొడవల్లా ఒకటే:
రాత్రి పదింటికి కంప్యూటరు కట్టేస్తే
వేలం ధరలూ దాంతోపాటే పడుకుంటున్నాయి.
తెల్లారుజామున మూడింటికి
తీరం దగ్గర సిగ్నలు తగిలిన బోటువాడికి
రేటు చెప్పే దిక్కు లేదు.

నాకు ముందు పుస్తకం మాటలే వచ్చాయి.
మెత్తబడ్డ చేపల్ని తోసినట్టు
వాటిని పక్కకి తోసేసింది.

"అరకు వెళ్ళారా, రైల్లో?"
"ఒక్కపాలి. పెళ్ళయిన కొత్తల.
సొరంగాలు లెక్కెడతా లెక్కెడతా
ముప్పై దాటినాక మర్చిపోనాను."

"వీపీఎన్ ఆ సొరంగమండీ.
సామాను మీదే, దిగే ఊరూ మీదే.
కొండ మీద నిలబడి చూసేవాడికి
గంపలో ఏముందో కనపడదు.
అవతల స్టేషన్లో వాళ్ళకి మీరు
సొరంగం నోట్లోంచి ఊడిపడ్డ మనిషి,
పూర్ణామార్కెట్టు నుంచి వచ్చారని తెలీదు.
అంతవరకే.
సొరంగంలో గంప దింపి
రేపొస్తానని చెప్పి రాలేం."

"మరి సొరంగం తవ్వినోడికి?"

నేను నోరు తెరిచి, మూసి, మళ్ళీ తెరిచాను.
"వాడికి తెలుస్తుంది.
ఎవరెక్కారో, ఎటు పోయారో.
రాసి పెట్టుకోనని మాత్రం చెప్తాడు."
"సెప్తాడు," అంది
ఆ మాటని తోకపట్టి ఎత్తి చూసినట్టు.

రెండోది నేను చెప్పక్కర్లేకపోయింది.
తాళాల గుత్తి తీసి కిందకి నడిచింది.
కోల్డ్ స్టోరేజీ తలుపు తెరిస్తే
తెల్లటి ఊపిరి మొహాన కొట్టింది.
ఒకే కప్పు, రేకుల అడ్డాలతో పన్నెండు అరలు.

"ఏడోది నాది. తాళం నాది.
ఏ సరుకు ఏ మూలెట్టాలో నా ఇష్టం.
గోడ నాది కాదు, కరెంటు నాది కాదు,
అయితే ఏటి, పక్కోడి కుళ్ళు నాకు రాదు.
నాను ఇంటికెళ్ళి తొంగున్నా సలవ ఆగదు.
ఇలాటిదేనా?"
"ఇదేనండీ."

తలుపు దడాల్న మూసింది.
"ఓలమ్మా! దాసుకోడానికి సోటడిగితే
దాక్కుని ఎళ్ళడానికి దారమ్మినాడు!"

పాతది పారేయొద్దన్నాను.
ఎక్కడో రైల్వేస్టేషన్లో, ఊరికే ఇచ్చే వైఫై మీద
లెక్కలు తెరవాల్సి వస్తే పనికొస్తుందని.
"డబ్బులు కట్టినాక పారెయ్యడమేటి,
మతేటి పోనాదా?"

గది అద్దెకి తీసుకోవడం పది నిమిషాల పని.
లోపల ఏమీ లేదు.
నల్లటి తెర, ఆరి వెలిగే గీత ఒకటి.
కిటికీలో డాల్ఫిన్ నోస్ మీద లైటుహౌసు
దానికంటే నిదానంగా.
మిషన్ పేరేమిటని అడుగుతోందంటే
"ఏడో అర" అంది, ఆలోచించకుండా.

ధరలు ఎక్కించాం.
కంప్యూటరు తనే కట్టేసింది,
తన ఫోన్లో తనే చూసుకుంది.
వంజరం, కిలో రేటుతో సహా, మేలుకునే ఉంది.

"ఏ ఊళ్ళో ఉన్నాది నా గది?"
"ముంబైలోనండీ."
"సముద్రం ఉన్నాదా ఆడ?"
"ఉంది. అటు పక్కది."
చాలాసేపు ఏమీ అనలేదు.
ఐసు మర ఆగిపోయింది కింద.

"నీళ్ళు నీళ్ళేలే.
ఆ బిల్డింగు తాళం ఎవుడి కాడుందో
ఇంకోపాలి సెప్పు."